తూము దగ్గరి మనిషి

‘దూరపు ఆజ్ఞలు’ ధారావాహిక – 9వ భాగం

పోయిన భాగాన్ని 1969 అక్టోబరు 29 రాత్రి దగ్గర ఆపాం. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, ఎక్కడో మెన్లో పార్కులో ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటర్లోకి ‘లాగిన్’ అని కొట్టడం మొదలుపెట్టాడు. ‘ఎల్’ చేరింది, ‘ఓ’ చేరింది, ఆ తర్వాత అవతలి యంత్రం చతికిలబడింది. కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తే తలుపు తెరుచుకుంది. ఇంటర్నెట్‌కు ముత్తాత లాంటి ఆర్పానెట్ మీద నడిచిన మొదటి మాటే, పరాయి యంత్రం గడప తొక్కడానికి అడిగిన అనుమతి.

గడప తొక్కాక ఏం జరిగిందన్నది ఈ వారం కథ. వెబ్ పేజీలో ఒక బటన్ నొక్కి, వెయ్యి మైళ్ల అవతల ఉన్న సర్వర్ చేత పని చేయించడం ఇవాళ ఎవరికీ వింత కాదు. ఆ బటన్ వెనక ఏముందో చెప్పడానికి మిమ్మల్ని అరిజోనా ఎడారిలోని చాండ్లర్‌కు తీసుకెళ్తాను. ఫీనిక్స్ పక్కనే ఉన్న ఈ ఊళ్లో 2020 జనగణన నాటికి రెండు లక్షల డెబ్బై అయిదు వేల పైచిలుకు జనం. 1980 నుంచి ఇంటెల్ ఇక్కడ చిప్పులు చేస్తోంది. ఆ చిప్పుల వెంటే మన తెలుగువాళ్లూ వచ్చి స్థిరపడ్డారు. కానీ కథ మాత్రం నీళ్లతో మొదలుపెట్టాలి.

పశువుల డాక్టరు తవ్వించిన కాలవ

అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ కెనడాలో పుట్టిన పశువైద్యుడు. 1887లో, అరిజోనా ఇంకా రాష్ట్రం కాని రోజుల్లో, ఆ ప్రాంతానికి ప్రభుత్వ పశువైద్యుడిగా వచ్చాడు. పశువుల రోగాల కంటే ముందు ఆయన కంటపడింది కరువు. గడ్డి లేదు, నీళ్లు లేవు. ఇక్కడ వైద్యం చేయాల్సింది నేలకని గ్రహించి కాలవల పనిలో పడ్డాడు. 1891లో ఆయన కంపెనీ కన్సాలిడేటెడ్ కెనాల్ తవ్వించింది. 1911లో ఎగువన రూజ్‌వెల్ట్ డ్యామ్ పూర్తయింది. ఆ మరుసటి ఏడాది, 1912 మే 17న, తన పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్మకానికి పెట్టాడు. అదే చాండ్లర్ పట్నం. అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే హోహోకమ్ జనం ఈ లోయలో కాలవలు తవ్వి మొక్కజొన్న, పత్తి పండించారు.

ఈ కాలవల మీద ఒక ఉద్యోగం ఉంది. స్పానిష్ మాట, ‘సంహేరో’ అంటారు. కాలవ మనిషి అని అర్థం. సాల్ట్ రివర్ ప్రాజెక్టులో ఆ పేరుతోనే ఈనాటికీ మనుషులు పనిచేస్తున్నారు. తనకు ఫలానా రోజు ఇంతసేపు నీళ్లు కావాలని రైతు కబురు పెడతాడు. సంహేరో వచ్చి గేటెత్తి, గంటలు లెక్కపెట్టి, మళ్లీ దింపి, పక్కవాడి వంతుకు కదులుతాడు. అర్ధరాత్రి వంతు వస్తే అర్ధరాత్రే నీళ్లు.

ఇది చదివి మన చెరువుల కింద పుట్టినవాళ్లు నవ్వుకుంటారు. తెలంగాణలో నీరటి, సీమలో నీరుగంటి చేసిన పని ఇదే కదా. రామప్ప చెరువు కిందైనా, పాకాల కిందైనా తూము దగ్గర ఒక మనిషి ఉండేవాడు. ఏ చేనుకు ఎన్ని నీళ్లో ఊరు నిర్ణయించేది. ఎంతటి మోతుబరి అయినా వెళ్లి తూము మీద చెయ్యి వేయకూడదు. అడిగే హక్కు అందరిదీ, ఎత్తే చెయ్యి ఒక్కడిదీ.

ఆ కట్టుబాటును గుర్తుంచుకోండి. కంప్యూటర్ల మనుషులు దాన్ని మరచిపోయి, దెబ్బలు తిని, మళ్లీ నేర్చుకోవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

చిప్పలో ఏముంది

‘షెల్’ అన్న మాట ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాన్ పెట్టింది. 1963–64 ప్రాంతంలో ఎమ్‌ఐటీలోని సీటీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ మీద ఆయన ‘రన్‌కమ్’ అనే ప్రోగ్రామ్ రాశాడు. రోజూ ఇచ్చే కమాండ్లను ఒక ఫైల్లో వరసగా రాసిపెడితే అది చదివి ఒక్కొక్కటే నడిపిస్తుంది. ఇవాళ లినక్స్ వాడేవాళ్లు రోజూ చూసే ‘బ్యాష్‌ఆర్‌సీ’ ఫైల్ పేరులో చివరి ఆర్‌సీ ఆ రన్‌కమ్ తాలూకు గుర్తే. యంత్రం గర్భానికీ మనిషికీ నడుమ చిప్పలా ఉండి, మనిషి మాట విని యంత్రానికి చెప్పేది కాబట్టి షెల్. మల్టిక్స్ అనే తర్వాతి కంప్యూటర్ వ్యవస్థకు తొలి షెల్‌ను 1965లో గ్లెండా ష్రోడర్ రాసింది. 1971లో యూనిక్స్‌తో కెన్ థాంప్సన్ షెల్, 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్, 1989లో బ్రయన్ ఫాక్స్ రాసిన బ్యాష్ వచ్చాయి.

షెల్ గొప్పతనం, దాని ముప్పు రెండూ ఒకే గుణంలో ఉన్నాయి. దానికి ఏది చెప్పినా వింటుంది. ఒకే వరసలో రెండు పనులు చెప్పాలంటే మధ్యలో సెమీకోలన్ పెడితే చాలు. ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందించాలంటే నిలువు గీత. కొత్త వరుసకు వెళ్తే కొత్త ఆజ్ఞ. ఎదురుగా కూర్చున్న నిపుణుడికి ఇదొక వరం. ఆ నిపుణుడి కుర్చీలో ఎవరెవరో కూర్చునే రోజు వస్తుందని ఆ రాసినవాళ్లు అనుకోలేదు.

మన దేశంలో ఒక తరానికి ఇంటర్నెట్ పరిచయమైందే షెల్ పేరుతో. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. బొమ్మలతో కూడిన కనెక్షన్ ఖరీదు వేలల్లో ఉండేది. విద్యార్థులకు మాత్రం ఏడాదికి 500 రూపాయలకు ‘షెల్ అకౌంట్’ ఇచ్చారు. మోడెమ్ కీచుమంటూ కలిశాక నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఉత్తరాలకు పైన్, వెబ్ చూడ్డానికి లింక్స్. అక్షరం నొక్కితే అది టెలిఫోన్ తీగ మీద వీఎస్‌ఎన్‌ఎల్ కంప్యూటర్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి తిరిగొచ్చాకే తెర మీద పడేది. లైను బరువెక్కితే అక్షరం కోసం ఎదురుచూపు. ఏదైనా ఫైల్ దించుకుంటే అది ముందు వాళ్ల యంత్రంలోకి దిగేది, మళ్లీ అక్కణ్నుంచి ఇంటికి ఇంకో ప్రయాణం. ఆ అబ్బాయిలూ అమ్మాయిలూ తమ బల్ల మీది కంప్యూటర్ వాడుతున్నామనే అనుకున్నారు. నిజానికి వాళ్లు దూరపు సర్వర్ మీద కమాండ్లు నడిపారు. అందులో కొందరు ఇరవయ్యేళ్ల తర్వాత అదే పనిని చాండ్లర్ లాంటి ఊళ్లలో జీతానికి చేస్తున్నారు.

మొహం చూసి తలుపు తీసిన కాలం

దూరపు యంత్రానికి ఆజ్ఞ ఇవ్వాలంటే ముందు ‘నువ్వెవరు’ అన్న ప్రశ్న తేలాలి. 1980ల్లో బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చిన ఆర్‌ఎస్‌హెచ్ అనే దూరపు షెల్ ప్రోగ్రామ్ ఈ ప్రశ్నను ఇరుగుపొరుగు పద్ధతిలో తేల్చేసింది. ‘ఫలానా యంత్రం నుంచి ఫలానా మనిషి వస్తే పాస్‌వర్డ్ అడగొద్దు’ అని ఒక చిన్న ఫైల్లో రాసిపెట్టుకుంటే చాలు. పక్కింటాయన మొహం చూసి తలుపు తీసినట్టు.

1988 నవంబరు 2న కార్నెల్ విద్యార్థి రాబర్ట్ టాపన్ మారిస్ వదిలిన ‘వర్మ్’, అంటే యంత్రం నుంచి యంత్రానికి పాకే పురుగు ప్రోగ్రామ్, ఈ నమ్మకాన్ని మెట్లుగా వాడుకుంది. మెయిల్ ప్రోగ్రామ్‌లో ఒక కన్నం, ఫింగర్ ప్రోగ్రామ్‌లో ఇంకోటి, వాటికి తోడు ఇరుగుపొరుగు పరిచయాలు. ఒక యంత్రంలో దూరితే దాని స్నేహితులందరి ఇళ్లూ తెరిచినట్టే. ఆరు వేల యంత్రాలు పడిపోయాయని అప్పటి అంచనా. మారిస్‌కు మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, పది వేల డాలర్ల పైన జరిమానా పడ్డాయి.

పాఠం సగమే తలకెక్కింది. పాస్‌వర్డ్‌లు ఇంకా తీగల మీద బట్టబయలుగా ప్రయాణిస్తూనే ఉన్నాయి. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో ఎవడో దొంగచాటుగా వేలకొద్దీ పాస్‌వర్డ్‌లు వినేశాడు. అక్కడి పరిశోధకుడు టాటు యులొనెన్‌కు ఒళ్లుమండి, మాటనంతా సంకేతలిపిలోకి మార్చి పంపే ప్రోగ్రామ్ రాసి జూలైలో వదిలాడు. అదే ఎస్‌ఎస్‌హెచ్. ఎఫ్‌టీపీకి 21వ నంబరు తలుపు, టెల్‌నెట్‌కు 23. ఈ రెంటి స్థానాన్నీ తీసుకోబోయే తన ప్రోగ్రామ్‌కు మధ్యలో ఖాళీగా ఉన్న 22 ఇమ్మని ఒక ఈమెయిల్ రాశాడు. మర్నాటికల్లా ఇచ్చేశారు. ఆ ఏడాది ఆఖరుకు యాభై దేశాల్లో ఇరవై వేలమంది వాడుతున్నారు. 1999 డిసెంబరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వచ్చాక అది ఇంటింటి వస్తువైంది.

దాంతో ‘నువ్వెవరు’ తేలింది. ‘నీకు ఏమేం చెప్పే హక్కుంది’ అన్నది తేలలేదు. ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి ఉన్నవాడికి మామూలుగా ఇల్లంతా తెరిచే ఉంటుంది.

టెలిఫోన్ పుస్తకంలో ఒక అక్షరం

సరిగ్గా అదే రోజుల్లో ఇంకో దారి పడింది. 1993లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏలో రాబ్ మెకూల్ వెబ్ సర్వర్ రాస్తూ, పేజీ అడిగినప్పుడు ఒక ప్రోగ్రామ్‌ను నడిపి దాని జవాబును చూపించే ఏర్పాటు చేశాడు. దానికి సీజీఐ అని పేరు. అప్పటిదాకా వెబ్ అంటే గోడకంటించిన కాగితం, చదువుకుని వెళ్లడమే. సీజీఐతో కాగితానికి చెవులొచ్చాయి. పాఠకుడు నింపిన ఫారం లోపలికి వెళ్లి సర్వర్ మీద కమాండ్‌ను కదిలిస్తుంది.

ఈ ఏర్పాటుతో పాటు నమూనాగా ఇచ్చిన చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది, పేరు ‘పీహెచ్‌ఎఫ్’. పని టెలిఫోన్ పుస్తకంలో వెతకడం. ఫారంలో పేరు రాస్తే, ఆ పేరును తగిలించి ఒక కమాండ్ వాక్యం తయారుచేసి షెల్‌కు అందిస్తుంది. పేరు గడిలో ఎవడైనా సెమీకోలన్ పెట్టి రెండో కమాండ్ రాస్తే ఎలా అని రాసినవాళ్లకు అనుమానం రాకపోలేదు. అందుకే సెమీకోలన్, నిలువు గీత, కొటేషన్ గుర్తులు లాంటి ప్రమాదకరమైన అక్షరాలన్నిటికీ కోరలు తీసే ఒక వడపోత రాశారు. జాబితా పొడుగ్గానే ఉంది. ఒక్క అక్షరం మరిచారు. కొత్త వరుస.

వెబ్ చిరునామాలో కొత్త వరుసను శాతం గుర్తు, సున్నా, ‘ఏ’ అని మూడక్షరాల్లో రాస్తారు. పేరు గడిలో ఏదో ఒక మాట, ఆ మూడక్షరాలు, వెనకే సర్వర్‌లోని ఖాతాల ఫైల్‌ను చూపించమనే కమాండ్. అంతే. షెల్ మొదటి వరుస చదివి పేరు వెతికింది, రెండో వరుస చదివి ఖాతాల జాబితా తెచ్చి అపరిచితుడి చేతిలో పెట్టింది. అది తనకు యజమాని రాసిన ఆజ్ఞో, బయటివాడు నింపిన పేరో దానికెలా తెలుస్తుంది? రెండూ ఒకే వాక్యంలో ఒకే సిరాతో ఉన్నాయి. 1996 మార్చిలో అమెరికా కంప్యూటర్ భద్రతా బృందం ‘సెర్ట్’ హెచ్చరిక జారీ చేసే నాటికి ఆ నమూనా ప్రోగ్రామ్, దాని అవసరమే లేని సర్వర్ల మీద కూడా కూర్చుని ఉంది.

మన తూము భాషలో చెప్పాలంటే, ఊరిపెద్ద ‘రామయ్య చేనుకు రెండు గంటలు’ అని చీటీ రాసి రామయ్య చేతికే ఇచ్చి పంపాడు. దారిలో రామయ్య దాని కింద ‘ఆ తర్వాత గట్టు తెంపెయ్’ అని ఇంకో వరుస కలిపాడు. నీరటి చదువుకున్నవాడే, విధేయుడే. అదే కొంప ముంచింది.

తర్వాతి ఇరవయ్యేళ్లలో వెబ్ ప్రోగ్రాములు రాసినవాళ్లు పడిన తిప్పలన్నీ ఈ చీటీ చుట్టూనే. పెర్ల్ భాష ఒక విచిత్రమైన పద్ధతి పెట్టింది. బయటినుంచి వచ్చిన ప్రతి మాటకూ మైల అంటినట్టే లెక్క. పరీక్షించి శుద్ధి చేసేదాకా దాన్ని కమాండ్‌కు తాకనివ్వదు. మన ఇళ్లలో ఎప్పుడో వదిలేసిన మైలను కంప్యూటర్ ఇంత నిష్ఠగా పాటిస్తుందని ఎవరనుకున్నారు! పీహెచ్‌పీ భాషలో మాటను కొటేషన్లలో బిగించి పంపే సాధనాలు వచ్చాయి.

అయినా 2014 సెప్టెంబరులో పిడుగు పడింది. స్టెఫాన్ షజేలాస్ అనే నిపుణుడు బ్యాష్‌లోనే ఒక లోపం పట్టుకున్నాడు. సీజీఐ పద్ధతిలో వెబ్ సర్వర్ చూడ్డానికొచ్చినవాడి బ్రౌజర్ పేరు లాంటి వివరాలను షెల్‌కు అందే చోట పెడుతుంది. ఆ బ్రౌజర్ పేరు బదులు, ఒక ప్రత్యేకమైన ఆకారంలో అక్షరాలు పేర్చి వెనక కమాండ్ తగిలిస్తే, బ్యాష్ నిద్రలేస్తూనే దాన్ని నడిపేస్తుంది. ఫారం కూడా అక్కర్లేదు. తలుపు తడుతూ పేరు చెబితే చాలు, ఆ పేరే ఆజ్ఞ. దీనికి ‘షెల్‌షాక్’ అని పేరు పెట్టారు. సెప్టెంబరు 24న లోకానికి తెలిసింది. ఆ లోపం 1989 నుంచీ, అంటే పాతికేళ్లుగా అక్కడే ఉంది.

ప్రైస్ రోడ్డు

ఇప్పుడు చాండ్లర్‌కు తిరిగొద్దాం. ఊరి పడమటి అంచున ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రైస్ రోడ్డు. దూరపు ఆజ్ఞల చరిత్రలో నాకు నచ్చిన కొన్ని ఘట్టాలు ఆ ఒక్క రోడ్డు మీదే జరిగాయి.

1980ల చివర్లో మోటొరోలా ఇంజనీర్లు ముగ్గురు, బ్యారీ బెర్టిగర్, రే లియొపోల్డ్, కెన్ పీటర్సన్, భూమి మీద ఎక్కడినుంచైనా ఫోన్ చేసే ఉపగ్రహాల వలయం ఒకటి ఊహించారు. మొదట 77 ఉపగ్రహాలు అనుకున్నారు. మూలకాల పట్టికలో 77వది ఇరిడియం కాబట్టి ఆ పేరు. తర్వాత లెక్క 66కు తగ్గినా పేరు మార్చలేదు, 66వ మూలకం డిస్ప్రోసియం మరి! చాండ్లర్‌లోని మోటొరోలా ప్లాంటులో కార్ల ఫ్యాక్టరీ తరహాలో నాలుగైదు రోజులకొక ఉపగ్రహం చొప్పున బయటికొచ్చింది. 1997 మేలో ప్రయోగాలు మొదలయ్యాయి, 1998 నవంబరు 1న ఫోన్లు మోగాయి, 1999 ఆగస్టుకు కంపెనీ దివాలా తీసింది. దాదాపు అయిదు వందల కోట్ల డాలర్లు పోసిన వలయాన్ని కిందికి దింపి గాల్లో కాల్చేయాలన్న ఆలోచన దాకా వెళ్లి, 2000లో డాన్ కొలూసీ బృందం రెండున్నర కోట్ల డాలర్లకు కొనడంతో ఆగింది.

ఇది ఈ ధారావాహికలో ఎందుకంటే, ఉపగ్రహం దగ్గరికి ఎవరూ నడిచి వెళ్లలేరు. భూమి మీద సర్వర్ బిగుసుకుపోతే ఎవరో ఒకరు వెళ్లి మీట నొక్కుతారు. 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగేదాన్ని ఎవరు నొక్కుతారు? అందుకే ఉపగ్రహాల లోకం షెల్ పద్ధతిని ఒప్పుకోదు. అక్కడ ఆజ్ఞల నిఘంటువు ఒకటుంటుంది. అందులో ఉన్న ఆజ్ఞలే పంపాలి, ప్రతిదానికీ హద్దులు రాసి ఉంటాయి, చేరిందో లేదో రసీదు రావాలి. నోటికొచ్చింది కొట్టి పంపడం ఉండదు. నీరటికి చీటీ మీద రాసుకొచ్చే స్వేచ్ఛ లేదు, ముందే అచ్చేసిన చీటీల్లోంచి ఒకటి తీసివ్వడమే.

మోటొరోలా వెళ్లాక ఆ రోడ్డు చుట్టుపక్కల డేటా సెంటర్లు వెలిశాయి. కిటికీల్లేని పొడుగాటి భవనాలు. సర్వర్ల వేడిని చల్లార్చే యంత్రాల గుంయిమనే మోత రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2022లో నగర పాలక మండలి డేటా సెంటర్లకు, వాటి మోతకు నిబంధనలు పెట్టింది. ‘క్లౌడ్’ అనగానే ఆకాశంలో ఎక్కడో అనుకునేవాళ్లు ఒకసారి అటు వెళ్లి చెవి పెట్టి వినాలి. మబ్బు బాగానే ఉరుముతుంది.

ఆ భవనాల్లో మనుషులు తక్కువ. వాటిని నడిపే చేతులు ఎక్కడైనా ఉండొచ్చు. అరిజోనాలో చాలామటుకు గడియారాలు వేసవికి ముందుకు తిప్పరు కాబట్టి చాండ్లర్‌కూ హైదరాబాద్‌కూ ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటలే తేడా. ఇక్కడ రాత్రి పది, అక్కడ పొద్దున పదిన్నర. ఇక్కడ అన్నం తిని కంచం కడుగుతుండగా ఫోన్ కుయ్‌మంటుంది, ‘ప్రాడ్‌లో సర్వర్ డౌన్’. ల్యాప్‌టాప్ తెరిచి, వెబ్ పేజీలో ‘రీస్టార్ట్’ బటన్ నొక్కి, గచ్చిబౌలిలో అప్పుడే సీట్లో కూర్చున్న సహోద్యోగికి విషయం అప్పగించి పడుకోవడం ఎన్నో తెలుగు ఇళ్లలో మామూలు. ఆ బటన్ వెనక ఒక వెబ్ అప్లికేషన్, దాని వెనక ఎస్‌ఎస్‌హెచ్, దాని వెనక షెల్. ముప్ఫై ఏళ్ల చరిత్రంతా ఆ ఒక్క నొక్కులో ఉంది.

బటన్ కాలం

ఇలాంటి బటన్లు ఒక్కరోజులో రాలేదు. 1996లో సీప్యానెల్, 1997లో ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ జేమీ కామెరాన్ రాసిన వెబ్‌మిన్, షెల్ రాని వాళ్లకు కూడా సర్వర్‌ను బ్రౌజర్లోంచి నడిపే వీలు కల్పించాయి. 2012లో మైఖేల్ డిహాన్ ‘ఆన్సిబుల్’ వదిలాడు. దూరగ్రహాలతో తక్షణం మాట్లాడే సాధనానికి రచయిత్రి ఉర్సులా లె గ్విన్ పెట్టిన పేరది. ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా వందలకొద్దీ సర్వర్లకు ఒకేసారి ఒకే పని చెబుతుంది. మరుసటి ఏడాది దానికీ వెబ్ ముఖం వచ్చింది.

చెయ్యి పొడుగయ్యేకొద్దీ పొరపాటు కూడా పొడుగవుతుంది. 2017 ఫిబ్రవరి 28 ఉదయం అమెజాన్‌లో ఎస్3 నిల్వ సేవకు చెందిన ఇంజనీర్ ఒకరు, బిల్లింగ్ పని నెమ్మదించిందని, కొద్ది సర్వర్లను పక్కకు తీయడానికి కమాండ్ ఇచ్చారు. ఇచ్చే హక్కున్న మనిషే, రాసిపెట్టుకున్న పద్ధతే. కమాండ్‌లో ఇచ్చిన ఒక విలువ తప్పు పడింది. అనుకున్న వాటికంటే చాలా ఎక్కువ సర్వర్లు పక్కకు పోయాయి. వాటిలో ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే సూచిక సర్వర్లు కూడా ఉన్నాయి. వాటిని పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టి ఏళ్లయిపోవడంతో లేవడానికి నాలుగు గంటల పైన పట్టింది. అమెరికాలో బోలెడన్ని వెబ్‌సైట్లు మూలిగాయి. సేవల ఆరోగ్యం చూపించే అమెజాన్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడటంతో, అంతా పచ్చగానే ఉందని చూపిస్తూ కూర్చుంది.

ఆ తర్వాత అమెజాన్ చేసిన దిద్దుబాటు చూడండి. సర్వర్లను తీసే పనిముట్టునే మార్చింది. ఇకమీదట అది నెమ్మదిగా మాత్రమే తీస్తుంది. ఏ భాగమైనా నడవడానికి కావాల్సిన కనీస సంఖ్యకు తగ్గిపోయేలా ఉంటే, ఎవరు చెప్పినా తీయదు. విధేయుడైన నీరటికి ‘గట్టు తెగేలా ఉంటే పెద్దాయన చెప్పినా ఎత్తకు’ అని నేర్పారన్నమాట.

పెళ్లి ఫొటోలు

ఈ పనిలో ఉన్న పాఠకుల కోసం ఒక్క విషయం దగ్గర్నుంచి చూపిస్తాను. వెబ్ అప్లికేషన్ నుంచి దూరపు సర్వర్ మీద ఒక ఫైల్‌ను చెరిపేయాలి. ఫైల్ పేరు ‘పెళ్లి ఫొటోలు’. మధ్యలో ఖాళీ ఉంది. ప్రోగ్రామర్ జాగ్రత్తపరుడు. వాక్యం తయారుచేసి షెల్‌కు ఇవ్వకుండా, కమాండ్‌ను వేరుగా, పేరును ఒకే ముక్కగా ఎస్‌ఎస్‌హెచ్‌కు అందించాడు. తన వైపు షెల్ ప్రసక్తే లేదు కాబట్టి నిశ్చింతగా ఉన్నాడు. కానీ ఎస్‌ఎస్‌హెచ్ ఆ ముక్కలన్నిటినీ ఖాళీలతో అతికి ఒకే వాక్యంగా అవతలికి పంపుతుంది. అవతలి షెల్ దాన్ని మొదట్నుంచి మళ్లీ విడదీసి చదువుతుంది. దానికి కనిపించేవి ‘పెళ్లి’ అనే ఫైలు ఒకటి, ‘ఫొటోలు’ అనేది ఇంకోటి. నిజంగా ‘ఫొటోలు’ పేరుతో వేరే ఫైల్ ఉంటే దానికి నూకలు చెల్లినట్టే. ఖాళీ బదులు సెమీకోలన్ ఉంటే ఏమవుతుందో పీహెచ్‌ఎఫ్ కథ చెప్పింది. చీటీని ఇటువైపు ఎంత బాగా మడిచినా అటువైపు విప్పి చదివేవాడు ఉన్నాడు.

అందుకే అనుభవజ్ఞులు వాక్యాలను శుద్ధి చేయడం మీద ఆశ వదిలేసి, అచ్చేసిన చీటీల దారి పట్టారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒక్కో తాళంచెవి పక్కన ఒక కమాండ్ రాసిపెట్టొచ్చు. ఆ చెవితో వచ్చినవాడు ఏమడిగినా నడిచేది రాసిపెట్టిందే. అడిగిన మాట మాత్రం పక్కన నమోదవుతుంది. గిట్‌హబ్‌కు రోజూ కోడ్ పంపే లక్షలమందికి ఎస్‌ఎస్‌హెచ్ చెవులున్నా షెల్ మాత్రం దొరకదు, గిట్ పనులు తప్ప వేరేవి సాగవు. 1980లో బఫలో విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘సుడో’ కూడా, సరిగా వాడితే, ఎవరికి ఏ కమాండ్ అన్న పట్టికే. ఇంకా జాగ్రత్తపరులు వెబ్ అప్లికేషన్‌కు తాళంచెవే ఇవ్వరు. అది ‘ఫలానా పని కావాలి’ అని ఒక వరసలో చీటీ వేసి తప్పుకుంటుంది. వేరే ఖాతాలో, వేరే యంత్రంలో ఉన్న పనివాడు ఆ చీటీ తీసి, తన పట్టికలో ఉంటే చేసి, చేసినట్టు రాసిపెడతాడు. వెబ్ పేజీ దొంగల చేతికి చిక్కినా వాళ్లకు దక్కేది చీటీలు వేసే హక్కే.

అడిగే హక్కు అందరిదీ, ఎత్తే చెయ్యి ఒక్కడిదీ. రామప్ప చెరువు కింద అందరికీ తెలిసిన సంగతే.

చాండ్లర్ ఈ కథకు ఇంకో మలుపు కూడా ఇచ్చింది. 2018 డిసెంబరులో వేమో సంస్థ డబ్బులకు నడిపే తన స్వయంచాలక కార్ల సేవను ఈ ఊరి చుట్టుపక్కలే మొదలుపెట్టింది. దారి తికమకగా ఉంటే కారు దూరాన ఉన్న మనిషిని అడుగుతుంది. కానీ ఆ మనిషి చేతిలో స్టీరింగ్ ఉండదు. ‘ఇటు దారి ఉన్నట్టుంది’ అని సలహా ఇస్తాడు, తీసుకోవాలో వద్దో కారే తేల్చుకుంటుంది. లాగిన్ అనబోయి రెండక్షరాల దగ్గర ఆగిన ఆ రాత్రి నుంచి యాభై ఏళ్లలో, ఆజ్ఞ మెల్లగా సలహా అయింది.

ఫీనిక్స్ లోయలోని పాత పేటల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ల పెరళ్లకు కాలవ నీళ్లు వస్తాయి. పెద్ద కాలవల మీది గేట్లను కంట్రోల్ రూమ్ నుంచే కదుపుతారు. ఇంటివాళ్లు నీటి వంతును వెబ్‌లో అడుగుతారు. గడిలో ఏం నింపినా ఆ అడిగినమాట నేరుగా గేటును కదిలించదు. వరసలో కూర్చుంటుంది, వంతుగా మారుతుంది. చెప్పిన గంటకు, అది రాత్రి రెండైనా సరే, సంహేరో వచ్చి గేటెత్తుతాడు. నీళ్లు చప్పుడు లేకుండా నిమ్మచెట్ల మొదళ్లకు చేరతాయి.

వచ్చే భాగంలో: 2024 మార్చి. లోకంలోని లినక్స్ సర్వర్ల తాళాలకే దొంగచెవి తయారవుతుంటే, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని విసుక్కున్న ఒక ఇంజనీరు, ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆ అర సెకను కథ.